మావారికి ఫోన్లో కసరత్తు పాఠాలు

ప్రోస్టేట్ క్యాన్సర్ మగవాళ్ళకొచ్చే జబ్బు కదా, దాని గురించి మహిళల పేజీలో రాయడమేమిటని మీకు అనిపించవచ్చు. జబ్బు వారిదే, కాదనం. కానీ ఆ జబ్బుతో కాపురం చేసేది మనం. వేళకి మాత్రలందించేదీ, రాత్రి నాలుగుసార్లు బాత్రూము లైటు వేసేదీ, "ఏం వండమంటారు?" అని అడిగేదీ, ఆయన విసుక్కుంటే సర్దుకుపోయేదీ మనమే. ఆ తర్వాత ఆయన ఒళ్ళు వస్తుంటే ముందు కనిపెట్టేదీ మనమే. అందుకే ఇది మనం మాట్లాడుకోవలసిన విషయం.

మేం సూరారంలో ఉంటాం. మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలో, బాలానగర్ నుంచి నర్సాపూర్ వెళ్ళే రోడ్డు మీద, జీడిమెట్ల పారిశ్రామికవాడ పక్కనే ఉన్న ఊరు. చెరువు కట్ట, కట్టమైసమ్మ గుడి అంటే ఈ చుట్టుపక్కల అందరికీ తెలుసు. మావారి ఫ్యాక్టరీ ఉద్యోగం కోసం వచ్చాం, ఇక్కడే ఇల్లు కట్టుకున్నాం, ఇక్కడే ఆయన రిటైరయ్యారు. ఇప్పుడాయనకు 68. రెండేళ్ళ కిందట ప్రోస్టేట్ క్యాన్సర్ అని తేలింది. రేడియేషన్ ఇచ్చారు. దానితోపాటు మూడు నెలలకొకటి చొప్పున హార్మోన్ ఇంజక్షన్ మొదలుపెట్టారు. పీఎస్‌ఏ అనే రక్తపరీక్షలో అంకె చక్కగా దిగివచ్చింది. చుట్టాలంతా 'గండం గడిచింది' అన్నారు.

ఏడాది తిరిగేసరికి ఆయనకు పంట్లాం హుక్కు పడటం మానేసింది. ఐదు కిలోలు పెరిగారు. పొట్ట ముందుకొచ్చింది గానీ చేతులు, తొడలు సన్నబడ్డాయి. మేడమెట్లు ఎక్కుతూ మధ్యలో ఆగేవారు. సాయంత్రం ఆరింటికే ఒళ్ళు వాలిపోతోందని పడుకునేవారు. చలికాలంలో కూడా అర్ధరాత్రి లేచి ఫ్యాను వేసుకునేవారు, బనీను తడిసి ముద్దయ్యేది. కట్ట మీద సాయంత్రం కబుర్లకు వెళ్ళడం కూడా మానేశారు. "జబ్బు తగ్గిందన్నారుగా, మరిదేమిటి?" అని ఆయన అడిగారు. ఆ ప్రశ్నకు జవాబు కోసం డాక్టర్లను అడిగి, చదివి, చేసి చూసి తెలుసుకున్న సంగతులివి.

మందు చేసే పని

ప్రోస్టేట్ అనేది మగవారిలో మూత్రాశయం కింద ఉండే చిన్న గ్రంథి. ఆరోగ్యంగా ఉన్నప్పుడు పెద్ద ఉసిరికాయంత ఉంటుంది. అక్కడ పుట్టే క్యాన్సర్ మగ హార్మోన్ టెస్టోస్టెరాన్‌ను ఆధారం చేసుకుని పెరుగుతుంది. ఆ హార్మోన్ అందకుండా చేస్తే జబ్బు అణుగుతుందని అమెరికాలో చికాగో విశ్వవిద్యాలయానికి చెందిన డాక్టర్ చార్లెస్ హగ్గిన్స్ 1941లో చూపించారు. అందుకాయనకు 1966లో నోబెల్ బహుమతి వచ్చింది. అప్పట్లో వృషణాలు తొలగించేవారు. ఇప్పటికీ కొందరికి ఆ ఆపరేషన్ చేస్తారు. ఎక్కువమందికి నెలకో, మూడు నెలలకో, ఆరు నెలలకో ఒక ఇంజక్షన్‌తో అదే పని జరుగుతోంది.

ఇక్కడే ఒక చిక్కుంది. క్యాన్సర్‌కు ఆహారమయ్యే ఆ హార్మోనే మగవారి కండకు బలం, ఎముకకు గట్టిదనం. దాన్ని ఆపేస్తే జబ్బుతోపాటు కండా తగ్గుతుంది. ఆ చోటులో కొవ్వు చేరుతుంది. 2002లో వెలువడిన ఒక అమెరికా పరిశోధనలో, ఈ ఇంజక్షన్ తీసుకుంటున్నవారిని 48 వారాలపాటు గమనించారు. వారి బరువు సగటున 2.4 శాతమే పెరిగింది. కానీ ఒంట్లో కొవ్వు పాలు 9.4 శాతం పెరిగింది, కొవ్వు కాని భాగం, అంటే ముఖ్యంగా కండ, 2.7 శాతం తగ్గింది. కాటా మీద కనిపించేది సగం కథేనన్నమాట.

మిగతా సగం ఇంకా ముఖ్యం. ఎముకలు పలచబడతాయి, చిన్న తూలుకే విరిగే ప్రమాదం ఉంటుంది. రక్తంలో చక్కెర పెరగవచ్చు. గుండెజబ్బు ముప్పు పెరుగుతుంది. ప్రోస్టేట్ క్యాన్సర్ వచ్చినవారిలో ఇతర జబ్బులతో పోయేవారిని చూస్తే, వాటిలో గుండెజబ్బుదే పెద్ద పాత్ర. క్యాన్సర్ నుంచి బయటపడ్డ మనిషిని గుండెకూ, తుంటి ఎముకకూ అప్పగించకూడదు కదా! ఈ మందు మానడం మాత్రం జవాబు కాదు సుమండీ. మందు తన పని చేస్తూ ఉండగా, అది తీసుకుపోయేదాన్ని మరో దారిలో తిరిగి తెచ్చుకోవడమే జవాబు.

మనకు తెలిసిన కథే

ఒళ్ళంతా ఆవిర్లు, అర్ధరాత్రి చెమటలు, నడుం చుట్టూ కొవ్వు, కీళ్ళ నొప్పులు, చిన్నమాటకే కళ్ళనీళ్ళు... ఈ జాబితా ఎక్కడో విన్నట్టు లేదూ? ముట్లుడిగే వయసులో మనం పడినవే. మనకు కొన్నేళ్ళ మీద నెమ్మదిగా జరిగే మార్పు ఈ ఇంజక్షన్‌తో వారికి మూడు నాలుగు వారాల్లో మొదలైపోతుంది. పైగా మనకైతే అమ్మ చెప్పింది, అక్క చెప్పింది, పక్కింటి పిన్నిగారు చెప్పారు. వారికి చెప్పేవారెవరు? మగవాళ్ళు నలుగురు కూర్చుంటే రాజకీయాలు మాట్లాడతారు గానీ 'నాకు రాత్రిళ్ళు ఆవిర్లొస్తున్నాయి' అనరు. మావారైతే మొదట్లో "ఇదంతా ఆడవాళ్ళ జబ్బు" అని దుప్పటి కప్పుకునేవారు. "ఆడవాళ్ళ జబ్బైతే ఆడవాళ్ళు తట్టుకోలేదా? మీరూ తట్టుకోండి" అన్నాను. ఆ రోజు చాలాకాలానికి నవ్వారు.

విశ్రాంతి పేరుతో...

ఒంట్లో బాగుండనివారికి మన ఇళ్ళల్లో చేసే సేవ తెలిసిందే. మంచినీళ్ళ గ్లాసు కూడా మంచం దగ్గరికే అందిస్తాం. నీరసంగా ఉన్నారని నెయ్యి, సున్నుండలు, పళ్ళరసాలు పెడతాం. చూడటానికొచ్చే చుట్టాలు మిఠాయి పెట్టెలు తెస్తారు. ప్రేమతోనే చేస్తాం. కానీ ఈ మందు వాడుతున్న మనిషికి కూర్చోబెట్టి పెట్టిన తిండి కండ కాదు, పొట్టలో కొవ్వు అవుతుంది. నీరసం ఇంకా పెరుగుతుంది.

నీరసానికి మందు కసరత్తేనని ఇరవై ఏళ్ళకు పైగా పరిశోధనలు చెబుతున్నాయి. 2003లో కెనడాలో హార్మోన్ చికిత్స పొందుతున్న 155 మందిని రెండు జట్లుగా చేసి, ఒక జట్టుతో 12 వారాలు, వారానికి మూడుసార్లు బరువులెత్తే కసరత్తు చేయించారు. వారికి అలసట తగ్గింది, రోజువారీ పనులు సుళువయ్యాయి. 2010లో ఆస్ట్రేలియాలో ఎడిత్ కోవన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు డేనియల్ గల్వావ్, రాబర్ట్ న్యూటన్ బృందం 57 మందితో 12 వారాలు బరువులూ, నడక వంటి వ్యాయామమూ కలిపి చేయించింది. ఇంజక్షన్ నడుస్తుండగానే పోయిన కండ తిరిగివచ్చింది. ఈ వయసులో కండేం వస్తుందిలే అని అనుకునేవారికి ఇదే జవాబు.

2011లో అమెరికాలో ప్రోస్టేట్ క్యాన్సర్ ఉన్న 2,705 మంది వివరాలు పరిశీలిస్తే, వారానికి మూడు గంటలో, అంతకన్నా ఎక్కువో చురుకైన వ్యాయామం చేసేవారిలో ఈ జబ్బుతో మరణాలు, గంటలోపు చేసేవారితో పోలిస్తే 61 శాతం తక్కువగా కనిపించాయి. వ్యాయామమే జబ్బును ఆపిందని దీన్నిబట్టి తీర్మానించలేం. ఓపిక ఉన్నవారే ఎక్కువ చేసి ఉండవచ్చు. కానీ అలసట, బలం, ఎముకలు, మనసు - వీటి విషయంలో మేలు మాత్రం స్పష్టం. 2019లో అంతర్జాతీయ నిపుణులు క్యాన్సర్ నుంచి కోలుకున్నవారికి ఒక సులువైన లెక్క చెప్పారు. వారానికి మూడు రోజులు అరగంట చొప్పున కాస్త ఊపిరి ఎక్కువ తీసుకునేలా నడవడం, రెండు రోజులు కండకు పనిచెప్పే కసరత్తు. నడక ఒక్కటే చాలదు. బరువు మోయకుండా కండ పెరగదు.

ఇంటికే వచ్చిన క్లాసు

చేయాలని తెలిసింది సరే, ఎక్కడ చేయాలి? మా రోడ్డు మీద పొద్దున్నుంచీ లారీలు, దుమ్ము. జిమ్ముకు వెళ్ళండంటే కుర్రాళ్ళ మధ్య నిలబడటానికి ఆయనకు మొహమాటం. పెద్ద క్యాన్సర్ ఆసుపత్రులన్నీ సిటీలోపల. రెడ్ హిల్స్‌లోని ప్రభుత్వ ఎంఎన్‌జె క్యాన్సర్ ఆసుపత్రికి మా ఊరి నుంచి ఇంచుమించు ఇరవై కిలోమీటర్లు. చికిత్సకంటే ఎంత దూరమైనా వెళ్తాం, వారానికి మూడుసార్లు కసరత్తుకు ఎవరు వెళ్తారు? పైగా రేడియేషన్ తర్వాత మూత్రం ఆపుకోలేకపోవడం ఒకటి. ఎక్కడ బస్సులో ఇబ్బంది వస్తుందోనని మగవాళ్ళు గడప దాటరు, కారణం చెప్పరు.

అప్పుడు మా డాక్టరుగారే సలహా ఇచ్చారు, ఫోన్లో వీడియో ద్వారా కసరత్తు చేయించే ఒక ఫిజియోథెరపిస్టు ఉందని. క్యాన్సర్ చికిత్స అయినవారికే ఆమె క్లాసు. మాతో కలిసి ఆరుగురు, ఒకరు నిజామాబాద్, ఒకరు ఖమ్మం, ఇలా. వారానికి మూడు పూటలు, పొద్దున ఆరున్నరకు, నలభై నిమిషాలు. మా ఇంట్లో ఫోను బియ్యం డబ్బాకు ఆనించి పెడతాం. రెండు లీటరు నీళ్ళ సీసాలు, ఒక గట్టి కుర్చీ, ఒక రబ్బరు పట్టీ - ఇంతే సామగ్రి. లీటరు నీళ్ళంటే కిలో బరువు కదా, డంబెల్స్ కొనే పనే లేదు.

మొదటి రోజు ఆ అమ్మాయి కసరత్తు చేయించనేలేదు. ప్రశ్నలే అడిగింది. జబ్బు ఎముకలకు పాకిందా? ఎముక సాంద్రత చూసే డెక్సా స్కాన్ చేయించారా? బీపీ, షుగర్, గుండె సంగతేమిటి? ఎప్పుడైనా తూలి పడ్డారా? రిపోర్టులన్నీ చూసింది. తర్వాత టేపుతో బొడ్డు దగ్గర చుట్టుకొలత తీయమంది. 104 సెంటీమీటర్లు. మన దేశపు మగవారికి 90 దాటకూడదు, ఆడవారికి 80. ఆ తర్వాత చేతులు ఛాతీ మీద కట్టుకుని అర నిమిషంలో కుర్చీలోంచి ఎన్నిసార్లు లేవగలరో లెక్కపెట్టింది. ఎనిమిదిసార్లు లేచారు. ఆ వయసు మగవారు 12 కన్నా తక్కువ లేస్తే పడిపోయే ప్రమాదం ఉన్నట్టు లెక్కట. ఫ్యాక్టరీలో మూటలెత్తిన మనిషి ఆ అంకె విని చాలాసేపు మాట్లాడలేదు.

రెండో వారం నుంచి క్లాసు. కుర్చీలోంచి లేచి కూర్చోవడం, కాలివేళ్ళ మీద లేవడం, గోడకు చేతులానించి ఒంటిని ముందుకీ వెనక్కీ తేవడం, రబ్బరు పట్టీ లాగడం, సీసాలెత్తడం. "అంకుల్, ఊపిరి బిగబట్టకండి" అని ఆ అమ్మాయి ప్రతి నిమిషం అంటుంది. మా పక్కింటావిడ ఒకరోజు కిటికీలోంచి చూసి, "ఏందక్కా, సార్ పొద్దుపొద్దున గోడను నూకుతున్నడు?" అంది. "గోడ గట్టిగుందా లేదా చూస్తున్నాడులే" అన్నాను. మర్నాటి నుంచి వాళ్ళాయన్ని కూడా పంపించింది.

చివరి పదినిమిషాలు ఆ ఆరుగురూ మాట్లాడుకుంటారు. నేను లేచి వంటింట్లోకి వెళ్ళిపోతాను. తలుపు చాటు నుంచి ఒకసారి వినపడింది, ఖమ్మం పెద్దాయన మూత్రం గురించి అడుగుతున్నారు, మావారు జవాబు చెబుతున్నారు. నాతో కూడా చెప్పని మాటలు! బరువు తగ్గినదానికన్నా నాకు ఆ పది నిమిషాలే ఎక్కువనిపించాయి.

ఆన్‌లైన్ అనగానే అదేదో మాయ అనుకోనక్కరలేదు. 2009లో వెలువడిన ఒక పెద్ద పరిశోధనలో ఇంటర్నెట్ కూడా వాడలేదు. రొమ్ము, ప్రోస్టేట్, పెద్దపేగు క్యాన్సర్ల నుంచి బయటపడ్డ 65 నుంచి 91 ఏళ్ళ మధ్యవారు, అందరూ బరువు ఎక్కువ ఉన్నవారే, 641 మందికి ఇంటి దగ్గరే తిండి, కసరత్తు నేర్పించారు. వారిలో ఒక జట్టుకు ముందు, మరో జట్టుకు ఏడాది తర్వాత. అంతా ఫోను మాటలతో, పోస్టులో పంపిన కాగితాలతో. ముందు నేర్చుకున్న జట్టులో ఏడాది తర్వాత ఒంటి చలాకీతనం తగ్గడం రెండో జట్టులో సగం కూడా లేదు. బరువు తగ్గినది రెండు కిలోలే. అసలు కీలకం ఎక్కడుందో చూడండి. 'ఈ వారం ఎన్నిసార్లు చేశారు?' అని అడిగే ఒక మనిషి ఉండటంలో ఉంది. వీడియో ఆ మనిషిని ఇంటికి తెచ్చింది, అంతే.

వంటింట్లో మార్పులు

ఆకలితో మాడ్చి బరువు తగ్గించడం వీరికి మంచిది కాదు. తిండి తగ్గించి కసరత్తు చేయకపోతే కొవ్వుతోపాటు మిగిలిన కండా కరిగిపోతుంది. నెలకు కిలో, కిలోన్నర తగ్గినా చాలు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన సూచనల్లో భోజనం పళ్ళెంలో సగం కూరగాయలూ, ఆకుకూరలూ, పళ్ళే ఉండాలని చెప్పింది. మన పళ్ళెంలో సగం కాదు, ముప్పాతిక అన్నమే ఉంటుంది. మా ఇంట్లో గరిటెడు అన్నం తగ్గించి ఆ చోట్లో కూర పెంచాను. రాత్రిపూట జొన్నరొట్టె.

కండ పెరగాలంటే మాంసకృత్తులు కావాలి. క్యాన్సర్ వచ్చినవారికి ప్రతి కిలో శరీర బరువుకూ రోజుకు ఒక గ్రాముకు పైగా మాంసకృత్తులు ఉండాలని యూరప్ పోషకాహార నిపుణుల సూచన. అంటే 70 కిలోల మనిషికి 70 గ్రాములకు పైనే. పలచని చారులో అవి దొరకవు. ముద్దపప్పు, పెసరట్టు, ఉడికించిన శనగలు, పెరుగు, గుడ్డు, చేప - ప్రతి పూటా ఏదో ఒకటి ఉండేలా చూస్తున్నాను. మూత్రపిండాల జబ్బున్నవారు మాత్రం డాక్టరునడిగే పెంచాలి. ఉప్పు మనిషికి రోజుకు 5 గ్రాములు, అంటే చెంచాడు మించకూడదు. పచ్చళ్ళ జాడీ అలమర పై అరలోకి ఎక్కింది. దాన్ని తీయడానికి ఆయనకు కుర్చీ కావాలి, కుర్చీ ఎక్కవద్దని ఫిజియో అమ్మాయి ఆజ్ఞ!

ఎముకలకు క్యాల్షియం, విటమిన్-డి ఎంత వేసుకోవాలో డాక్టరు చెబుతారు. పాలు, పెరుగు, రాగులు, నువ్వులు ఇంట్లో ఉండనే ఉన్నాయి.

మనమూ చేయాలి

మొదట్లో నేను ఫోను పట్టుకునే మనిషిని. మూడో వారంలో ఆ అమ్మాయి "ఆంటీ, మీరెందుకు నిలబడి చూస్తున్నారు?" అంది. అప్పటి నుంచి నాకూ రెండు సీసాలు. దీనికీ ఒక పరిశోధన ఉంది. అమెరికాలో ఒరెగాన్‌లో కెర్రీ వింటర్స్-స్టోన్ అనే పరిశోధకురాలు, ప్రోస్టేట్ క్యాన్సర్ నుంచి బయటపడ్డ మగవారినీ, వారి భార్యలనూ జంటలుగా తీసుకున్నారు. మొత్తం 64 జంటలు. వాటిలో కొన్ని జంటలతో ఆరునెలలపాటు కలిసి బరువుల కసరత్తు చేయించారు. ఆ ఫలితాలు 2016లో వెలువడ్డాయి. మగవారికి పైఒంటి బలం పెరిగింది. భార్యలకు కండ పెరిగింది, చేతుల్లోనూ కాళ్ళల్లోనూ బలం వచ్చింది. రోగికి తోడుగా వెళ్ళిన భార్య ఇంకా ఎక్కువ లాభపడింది! రోగిని చూసుకుంటూ తన మోకాళ్ళను మరిచిపోయే ఇల్లాలు ప్రతి వీధిలో ఉంది. కలిసి చేస్తే ఆయన మానరు, మనమూ మానం.

చెప్పుకోలేని మాట

ఇంకొక విషయం రాయక తప్పదు. ఈ ఇంజక్షన్ మగవారిలో దాంపత్యపు కోరికను తగ్గిస్తుంది. చాలామందికి పూర్తిగా పోతుంది. దాని గురించి భర్త మాట్లాడరు, భార్య అడగదు. ఆయన మంచం చివరికి జరిగిపోతారు, 'నన్నిక పట్టించుకోవడం లేదు' అని ఆవిడ లోలోపల కుమిలిపోతుంది. ఇది మందు చేసే పని, ప్రేమ తగ్గడం కాదని ఇద్దరికీ తెలిస్తే సగం బరువు అక్కడే దిగిపోతుంది. సిగ్గుపడకుండా డాక్టరును అడగవచ్చు, ఇద్దరూ కలిసే వెళ్ళవచ్చు. దిగులు ఎక్కువై నిద్రాహారాలు చెడితే 14416కు ఫోను చేయవచ్చు. అది టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవ, తెలుగులో కూడా మాట్లాడతారు.

ఏ క్లాసును నమ్మాలి?

ఫోను తెరిస్తే చాలు, 'పదిహేను రోజుల్లో పది కిలోలు' అనే ప్రకటనలు మీద పడతాయి. డబ్బాల్లో పొడి, సీసాల్లో కషాయం అమ్మేవారు కోకొల్లలు. వాటికి, మంచి క్లాసుకు తేడా పట్టుకోవడం కష్టమేమీ కాదు.

* డబ్బు అడిగే ముందు రిపోర్టులు అడగాలి. ఎముకల సంగతి అడగకుండా బరువులెత్తించేవారి దగ్గరికి వెళ్ళొద్దు. జబ్బు ఎముకలకు పాకినవారు కూడా కసరత్తు చేయవచ్చు. కానీ ఏ ఎముక మీద భారం పడకూడదో డాక్టరూ, ఫిజియోథెరపిస్టూ కలిసి నిర్ణయించాలి.

* నేర్పే మనిషి మనల్ని చూడాలి. రికార్డు చేసిన వీడియో మన నడుం వంగిపోతున్నా ఆపమని చెప్పదు.

* కాటా అంకె ఒక్కటే కాకుండా నడుం చుట్టుకొలత, కుర్చీలోంచి లేచే లెక్క కూడా రాసిపెట్టాలి.

* కాళ్ళకు, చేతులకు, వీపుకు బలమిచ్చే కసరత్తులు ఉండాలి. ఒట్టి నడకా, గెంతులూ చాలవు. ఆపరేషన్ అయి మూత్రం జారుతున్నవారికి కటి కండరాల కసరత్తు విడిగా నేర్పాలి.

* మందులు మానమనేవారిని, ఏదైనా పొడి కొనమనేవారిని దగ్గరికి రానీయవద్దు.

* ఏ ప్రయత్నమూ లేకుండా బరువు దానంతటదే తగ్గిపోతుంటే సంతోషించకండి, డాక్టరుకు చూపించండి.

* వెన్నులో కొత్తగా నొప్పి, కాళ్ళలో తిమ్మిరి, పట్టు తప్పడం, మలమూత్రాలు తెలియకపోవడం - వీటిలో ఏది వచ్చినా క్లాసు సంగతి వదిలి వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. వెన్నుపాము నొక్కుకుపోతున్న సూచన కావచ్చు. గంటలు లెక్కపెట్టుకోవలసిన పరిస్థితి అది.

ఆరునెలలకు

ఫలితమేమిటని అడుగుతారు. మూడు కిలోలు తగ్గారు. టీవీ ప్రకటనలవాళ్ళు వింటే నవ్వుతారు. కానీ నడుం చుట్టుకొలత 104 నుంచి 98కి వచ్చింది. కుర్చీలోంచి 8 సార్లు లేచే మనిషి 13 సార్లు లేస్తున్నారు. షుగర్ అంచు దాటలేదు. ఆవిర్లు పోలేదు గానీ, లేచి ఫ్యాను వేసుకుని మళ్ళీ నిద్రపోతున్నారు. ఇంజక్షన్ ఇంకా నడుస్తూనే ఉంది. మొన్న బోనాలకు నా పక్కన గుడి దాకా నడిచి వచ్చారు, వస్తూ వస్తూ కూరగాయల సంచి కూడా ఆయనే పట్టుకున్నారు. ఇవ్వండి అంటే ఇవ్వలేదు.

మీ ఇంట్లోనో, మీ పుట్టింట్లోనో ఈ మందు వాడుతున్న పెద్దాయన ఉంటే ఈ ఆదివారం ఒక పని చేయండి. కుట్టుమిషను సొరుగులోంచి టేపు తీసి నడుం కొలవండి. చేతుల్లేని కుర్చీ ఒకటి గోడకు ఆనించి వేసి, పక్కన మీరు నిలబడి, అర నిమిషంలో ఎన్నిసార్లు లేస్తారో లెక్కపెట్టండి. ఆ రెండు అంకెలూ ఒక కాగితం మీద రాసి, ఈసారి ఇంజక్షన్‌కు వెళ్ళినప్పుడు డాక్టరు ముందు పెట్టి, "వీరికి కసరత్తు ఎవరు నేర్పుతారండీ?" అని అడగండి. ఆయన అడగరు. మీరే అడగాలి.